పండ్లు కొఱుకుటయు మెడనొప్పియు

మా వసతిగృహమున రాత్రి దీపము లార్పిన పిమ్మట నొకమాఱు పడకలనడుమఁ దిరిగివచ్చుట మాకు వాడుక. పరీక్షలు సమీపించినకొలఁది ఆ చీఁకటిలో నొక చప్పుడు హెచ్చుచుండును. గింజలు లేని తిరుగలిలో రాయి రాతితో నొరసికొనినట్లుండు నా చప్పుడు నిద్రించు బాలుని నోటినుండి వచ్చునదియే. ప్రక్కపడకవాఁడు మేలుకొని నవ్వును. తెల్లవాఱినతోడనే పదుగురికిఁ జెప్పును. ఆ బాలుఁడు తానేమియు నెఱుఁగనని కన్నీరు పెట్టుకొనును. వానిమాట నిజము. పండ్లు పటపటఁ గొఱుకుట మన కావ్యములలో కోపమునకు గుఱుతు; నిద్రించువానికి ఎవరిపైఁ గోపము?

మాకును ఈ యలవాటు గలదు. దాని చప్పుడు మేము చెవులార విన్నది లేదు. ఇంటివారు చెప్పఁగా నమ్మితిమి. మే మెఱిఁగిన దొక్కటే: ఉదయమున లేచునప్పటికి మెడ కొయ్యవలె బిగిసియుండెడిది. తల త్రిప్పవలెనన్న మేనంతయుఁ ద్రిప్పవలసివచ్చెడిది. నల్లబల్లమీఁద వ్రాయుచు నడుమనడుమ వెనుకకుఁ జూచుట ఉపాధ్యాయునకు నిత్యావసరము గదా! ఆ దినములలో మా తరగతి వెనుకబల్లవారు మిక్కిలి సుఖించిరి. దిండ్లు మార్చితిమి, తైలములు రుద్దించితిమి. కడకు వేఱొక పంటిబాధకై దంతవైద్యునికడకుఁ బోఁగా, నాయన మా దంతముల యంచులు అరిగియుండుటఁ జూచి, “ఉదయమున మెడ పట్టునా?” యని యడిగెను. పంటికిని మెడకును ఏమి పొత్తని మేము వెఱఁగుపడితిమి.

పొత్తు గలదు. చదువరులు వ్రేళ్లను మెడవెనుక, పుఱ్ఱెకు దిగువగా నానించి, నోరు బాగుగఁ దెఱచి చూచెదరుగాక. క్రిందిదవడ దిగుటతోడనే తల యించుక వెనుకకు వాలును. స్వీడను దేశమున ఎరిక్సను, జాఫరు అను పరిశోధకులు తమ సహచరునితోఁ గూడి యీ చలనములను గొలిచి, దవడయు తలయు ఒక్కుమ్మడిఁ గదలునని 1998లోఁ బ్రకటించిరి. అనఁగా అన్నపుముద్దకు నోరు తెఱచుట దవడపని మాత్రమే కాదు. మెడయుఁ దన వంతు చేయును. పండ్లు బిగించునప్పుడును అంతియే. నమలు కండరములు బిగియఁగానే, చెవివెనుకనుండి ఱొమ్మువఱకు వాలుగ దిగు కండరమును, మెడవెనుకటి కండరములును గొంత బిగియును. పెద్దవారి తల బరువు 4, 5 కిలోలుండును. దవడ గట్టిగ నొత్తునప్పుడు ఆ బరువు కదలకుండఁ బట్టుకొనువా రుండవలెను గదా. ఈ పని రాత్రి మాటిమాటికి జరిగినయెడల ఉదయమున మెడ యలసియుండుట వింత గాదు.

నొప్పి సంగతి యింకను విచిత్రము. ముఖమునందలి బాధను దెలుపునది మెదడునుండి వెడలు 12 జతల నాడులలో 5వది. దాని నొప్పివార్తలు గొనిపోవు తంతువులు మెడలోనికి దిగి, మెడయొక్క మొదటి మూఁడు నాడుల వార్తలు చేరుచోటనే చేరును. రెండూళ్ల జాబులు ఒక్క తపాలాకచ్చేరికి వచ్చినట్లు! కావున మెడలోఁ బుట్టిన బాధ కణఁతలయందును, దవడబాధ మెడయందును దోఁచుట కలదు.

అయినను పండ్లు కొఱుకువారికెల్ల మెడ నొచ్చుననిగాని, మెడనొప్పికెల్ల పండ్లే మూలమనిగాని తలంపరాదు. దవడబాధయు మెడబాధయుఁ దఱచుగఁ గూడియుండుననుటకు సాక్ష్యము గలదు. ఒకటి రెండవదానికిఁ గారణమని రుజువు కాలేదు. పలుదేశముల నిపుణులు 2018లో వెలువరించిన యభిప్రాయమున, ఆరోగ్యవంతులయందు ఈ యలవాటు వ్యాధియే కాదు. నిద్రలోనిది వేఱు, మెలకువలోనిది వేఱు. నిద్రలోనిది మెదడు క్షణకాలము మేల్కొనఁబోవు వేళలఁ దఱచుగఁ బుట్టును. దిగులు, పొగాకు, మద్యము, కాఫీ, కొన్ని మందులు దీనిని హెచ్చింపఁగలవు. కడుపులో నులిపురుగులున్నవని మన పెద్దలందురు. పురుగులకు మందు మ్రింగించుట మంచిదే. దానితోఁ బండ్ల చప్పుడు నిలుచునని మాత్రము మేము మాట యియ్యము.

దంతవైద్యుఁ డొక తొడుగు చేయించి యిచ్చెను. అది పండ్లను అరుగకుండఁ గాచును గాని యలవాటును మాన్పదు. ఆయన చెప్పిన రెండవమాటయే మాకు మేలు చేసినది: పెదవులు కలిసియుండవలెను, పండ్లు విడిగానుండవలెను. నమలునప్పుడును మ్రింగునప్పుడును దప్ప మేలిపండ్లును క్రిందిపండ్లును తాఁకియుండ నక్కఱలేదు. మేమది విని లెక్కలపరీక్షనాఁడు సాలలోఁ దిరుగుచుఁ జూచితిమి. వంచిన మెడలు, చెవులనంటిన భుజములు, చెక్కిళ్లయందు లేచి పడుచున్న కండరములు! జవాబు తెలిసినవాఁడును తెలియనివాఁడును సమానముగఁ బండ్లు బిగించియుండిరి.

నాఁటినుండి రాత్రిచదువువేళ అరగంట కొకమాఱు చిన్నగంట మ్రోఁగించు నేర్పాటు చేసితిమి. గంట విని యెల్లరును నోరు తెఱచి దవడ వదలించి, భుజములు దించి, తల నిరుప్రక్కలకుఁ ద్రిప్పుదురు. గంట కొట్టు నధికారము ఎవరి పండ్లచప్పుడునకు పడకలవారు నవ్విరో యా బాలునిదే. వాఁడు నిద్రలో నింకను అప్పుడప్పుడు కొఱుకుచునే యున్నాఁడు. మా మెడ కొన్ని మాసములలోఁ జాలవఱకు వదలినది. మొన్న క్రొత్తగఁ జేరిన వంటయామె, గంట మ్రోఁగినతోడనే ముప్పదినోళ్లు ఒక్కసారి తెఱచుకొనుటఁ జూచి, పిల్లలకు ఆఁకలియైనదని గాఁబోలు, గబగబ విస్తళ్లు వేయించినది.