రాకు గిన్నె

పిల్లలూ! వేసవి వస్తే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ పోయే దారిపక్కన రంజన్లు పేర్చి అమ్ముతారు, చూశారు గదా? కొనేవాళ్లు రంజనును వేలితో కొట్టి చూస్తారు. కంగున మోగితే బాగా కాలినట్టు. బొంగురుగా పలికితే ఎక్కడో బీట వున్నట్టు. కుమ్మరి ఆవం పూర్తిగా చల్లారితేగాని కుండలు బయటికి తియ్యడు. ఎర్రని మట్టికి చల్లగాలి తగిలితే పగులుతుందని అతనికి తెలుసు.

జపానులో ఒక పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. గిన్నె నిప్పులా ఎర్రగా వుండగానే పట్టకారుతో బయటికి తీస్తారు! 16వ శతాబ్దంలో క్యోటో నగరంలో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు కోసం చోజిరో అనే ఆయన ఇట్లా గిన్నెలు చేశాడు. ఆ వంశం వారు నేటికీ చేస్తున్నారు. దాని పేరు రాకు.

నేను పదవి విరమించాక, ఎల్.బి. నగర్ దగ్గర ఒక హైస్కూలులో ఈ పని నేర్పటానికి వెళ్లాను. పేరు చెప్పగానే పిల్లలు పకపకా నవ్వారు. "రాకు అంటే మేం రాంలెండి, సార్!" అన్నాడొక గడుగ్గాయి. జపాను భాషలో ఆ మాటకు హాయి అని అర్థం. అయినా పొయ్యి దగ్గర మన తెలుగు అర్థమే మేలని చెప్పి, నేలమీద సుద్దగీత గీసి, పిలిస్తే తప్ప ఎవరూ దాటకూడదన్నాను. మీరూ ఇంట్లో ఈ పనికి పూనుకోకండి.

మరి గిన్నె ఎందుకు పగలదు? కిటుకు మట్టిలో వుంది. కాలిన పెంకులు దంచి, ఆ పలుకులూ ఇసుకా మట్టిలో కలుపుతాం. సన్నని బీట పుట్టినా పలుకు అడ్డం వచ్చి సాగనివ్వదు. గిన్నెను ఒకసారి కాల్చి, రాగి కలిసిన గాజుపూత పూసి, మళ్లీ సుమారు 1000 డిగ్రీల దాకా కాలుస్తాం. పూత కరిగి తడిసినట్టు మెరవగానే తీసి, రంపపు పొట్టు నింపిన ఇనపడబ్బాలో పెట్టి మూత వేస్తాం. (ఈ పొట్టు సంగతి జపాను వారిది కాదు; 1960 ప్రాంతంలో అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ మొదలుపెట్టాడు.) లోపల గాలి చాలక, మంట పూతలో రాగితో కలిసివున్న ప్రాణవాయువును లాక్కుంటుంది. మిగిలిన రాగి బిందెలా తళతళ లాడుతుంది. పూత లేనిచోట పొగపట్టి నల్లనవుతుంది.

ఆ తరగతిలో ఒక కుమ్మరి మనమరాలు వుంది. తాత చేసినట్టు నున్నగా రావాలని, తన బుడ్డికి ఇసుక తగ్గించి కలుపుకున్నది. నెల్లాళ్ల పని అది. పగలవచ్చునని చెప్పాను. "ఆవంలోనే చల్లారనిస్తావా?" అని అడిగాను. తల అడ్డంగా వూపింది.

చూడటానికి వచ్చిన తాత వుండబట్టలేక, "ఎర్రటి కుండను గాలికి తీస్తరా సారూ? పలుగుతది" అన్నాడు. అప్పటికే దాన్ని పట్టకారుతో పట్టి తీశాను. టిక్కుమని ఒక చప్పుడు. పొట్టు భగ్గున మండింది. మూత వేశాం.

చల్లారాక తీస్తే బుడ్డి రాగిలా మెరుస్తున్నది. అంచు నుంచి భుజం దాకా బీట! పిల్లలందరూ ఆమె ముఖం వంక చూశారు. తాత బుడ్డిని వేలితో కొట్టి, బీటలోకి తొంగిచూసి, "ఉసికె తక్కువైంది బిడ్డా" అన్నాడు. తరవాత నావైపు తిరిగి, "వచ్చే ఐతారం మట్టి నేను కలుపుత సారూ. గా పొట్టు మాత్రం జర ఎక్కువ తెప్పియ్యిండ్రి" అన్నాడు.