అరమైలు దూరం

మాది కామారెడ్డికి, ఎల్లారెడ్డికి నడుమనున్న తాడ్వాయి. మాకు తెలిసిన నీళ్ళంటే వానలకు నిండే చెరువు, పొలం దగ్గరి బావి. మంచు అంటే చలికాలం పొద్దున చేల మీద పరుచుకొని, ఎండ రాగానే పోయేది. అలాంటి మేము అరవై దాటిన తరువాత, 2023 జూన్ నెలలో, సముద్రంలోకి దిగిన మంచుకొండ ఎదుట రెండు రోజులు గడిపి వచ్చాము. అక్కడ మేము నేర్చుకున్న ఒక మాట మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

అమెరికాలో ఉద్యోగం చేసే మా అబ్బాయి మమ్మల్ని అలాస్కాకు తీసుకువెళ్ళాడు. యాంకరేజ్ పట్టణం నుండి దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్లు పోతే స్యూవర్డ్ అనే చిన్న రేవు వస్తుంది. 1980లో ఏర్పడిన కీనై ఫ్యోర్డ్స్ జాతీయ ఉద్యానవనం ఆ తీరంలోనే ఉంది. శనివారం ఉదయం ఒక మోటారు పడవ మమ్మల్ని, సామానును అయాలిక్ అనే అఖాతం ఒడ్డున దింపి వెళ్ళిపోయింది. మాతో దారి చూపే ఒక అమ్మాయి తప్ప మరో మనిషి లేడు. 1964 మార్చి 27న, మంచి శుక్రవారం నాడు వచ్చిన పెద్ద భూకంపానికి ఈ ప్రాంతంలో తీరం కుంగింది. ఉప్పునీరు తగిలి చచ్చిన చెట్ల మోళ్ళు అక్కడక్కడ ఇప్పటికీ తెల్లగా నిలబడి ఉన్నాయి.

సముద్రపు పోటు అందనంత ఎత్తులో గుడారాలు వేసుకున్నాము. ఎలుగుబంట్లు తిరిగే చోటు గనుక, మేము పట్టుకుపోయిన పులిహోరతో సహా తిండి అంతా అవి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి, గుడారాలకు దూరంగా ఉంచాము.

మధ్యాహ్నం కయాక్‌లు ఎక్కాము. అవి సన్నగా, పొడుగ్గా ఉండే పడవలు. ఒక్కోదానిలో ఇద్దరు కాళ్ళు చాపుకొని కూర్చోవాలి. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. మా వారు, అబ్బాయి ఒక దానిలో; ఆ అమ్మాయితో మేము ఇంకొక దానిలో. లైఫ్ జాకెట్లు వేసుకున్నా గుండె దడదడలాడింది. ఆ నీటిలో పడితే కొద్ది నిమిషాల్లోనే చేతులు పట్టు తప్పుతాయని ముందే చెప్పారు.

ఎదుట మంచుకొండ. ఏండ్ల తరబడి కురిసిన మంచు తన బరువుకే గట్టిపడి, లోయలో నదిలా మెల్లగా జారి సముద్రంలో దిగుతుంది. దాని పగుళ్ళలో నీలిమందు కలిపినంత నీలం. నీటి మీద తేలే మంచు ముక్కలపై సీల్ జంతువులు పిల్లలను పక్కన పెట్టుకొని పడుకున్నాయి.

మా వారికి ఉత్సాహం ఆగలేదు. "కొద్దిగంత దగ్గరికి పోదాం బిడ్డా" అంటూ తెడ్డు వేశారు. అబ్బాయి వద్దన్నాడు. ఆయన ఆగలేదు. "బాపూ! చెప్తే వినవా?" అని వాడు గట్టిగా అరిచాడు. పరాయి పిల్ల ఎదుట కొడుకు అరిచేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. తెడ్డు ఒళ్ళో పెట్టుకొని ఊరుకున్నారు.

కొంతసేపటికి గోడంత మంచు విరిగి జారడం కనబడింది. రెండు క్షణాలు ఆగి ఉరుము వినబడింది. దాని వెనుక అల లేచింది. మా దగ్గరికి వచ్చేసరికి అది తగ్గి, పడవలను ఎత్తి దింపిపోయింది. ఇంకా ముందుకు పోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఆ రాత్రి పదకొండయినా వెలుగు పోలేదు. మా వారు అన్నం ముట్టలేదు. అబ్బాయి వచ్చి పక్కన కూర్చొని మెల్లగా చెప్పాడు. "మంచు ఎప్పుడు పడేది ఎవరికీ తెలువదు బాపూ. పడితే అల లేస్తది. అందుకే అరమైలు దూరం ఉండాలంటరు. భయంతో అరిచిన."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వీడికి పదేళ్ళప్పుడు మా చెరువు అలుగు పారుతుంటే స్నేహితులతో కలిసి నీళ్ళలో దిగాడు. ఆయన గట్టు మీదకు లాగి చింతబరికెతో కొట్టారు. వాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మేము కూడా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"ఆనాడు నేను కూడ భయంతోనే కొట్టిన బిడ్డా. ఎందుకో నీకు చెప్పలే" అన్నారు ఆయన.

వాడు పులిహోర తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. ఇద్దరూ తిన్నారు.

ఆదివారం ఉదయం అందరం ఆ ఒడ్డునే తలలు వంచి చిన్న ప్రార్థన చేసుకొని, పడవ కోసం ఎదురుచూశాము.

ఇంటికి వచ్చాక మా కూతురి పిల్లలు చెరువు వైపు పరుగెత్తితే మా వారు ఇప్పటికీ కేక వేస్తారు. అయితే కేక వేసి ఊరుకోరు. దగ్గర కూర్చోబెట్టుకొని అలుగు నీరు కాళ్ళను ఎలా లాగుతుందో చెబుతారు. తల్లిదండ్రులారా, పిల్లలను ఆపవలసినప్పుడు ఆపండి. ఎందుకు ఆపారో కూడా ఆ రోజే చెప్పండి. మాకు అది చెప్పుకోవడానికి ఎన్నో ఏండ్లు, ఎన్నో వేల మైళ్ళు పట్టింది.