తలనొప్పే కదా అనుకున్నాం

తాండూరులో ఉండే మా ఆడబిడ్డకు మూడు వారాలుగా తలనొప్పి, సాయంత్రమైతే సన్నగా జ్వరం. బామ్ రాసుకుని పనిచేసుకునేది. ఒకరోజు మాట తడబడి, కుడిచెయ్యి పడిపోయింది. హైదరాబాద్‌లో స్కానింగ్ తీసి, వెన్నులో నీరు పరీక్షించారు. టీబీ మెదడు పొరలకు పాకి, అక్కడి రక్తనాళాలు వాచి మూసుకుపోయాయట! దగ్గు లేకుండానూ వస్తుందట. వికారాబాద్‌లో, అనంతగిరి టీబీ ఆస్పత్రి దగ్గరే పెరిగిన నాకే తెలియలేదు చూడండి.

"టీబీ అని బయట అనకు, మనవరాలి పెళ్ళి కావాలి" అంటారు అత్తమ్మ. దాచిపెడితే మందులూ మానేస్తుందేమోనని నా భయం. స్టెరాయిడ్లు కొన్ని వారాలే గానీ, టీబీ మాత్రలు ఏడాది వాడాలన్నారు. నాలుగో నెలలోనే "తగ్గిందిగా వదినా" అని ఆపబోయింది. అప్పట్నుంచి పొద్దున్నే ఫోన్ చేసి, మాత్ర మింగిందాకా పెట్టను. నిన్న కుడిచేత్తో జొన్నరొట్టె తట్టిందట, సగంలో విరిగిందట!