బానెట్ ఎత్తడానికి సిగ్గుపడ్డాను



మీలో కొందరికి నేను పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడే ఇంగ్లిష్ టీచర్‌గా తెలుసు. ఇంకొందరికి స్కూలు గేటు పక్కన ఆగి ఉండే పాత తెల్ల మారుతి 800 ఓనర్‌గా తెలుసు. ఈ నెల ఆ కారు గురించే రాస్తున్నాను. కాకపోతే టీచర్ని కదా, చివరికి మళ్లీ పిల్లల దగ్గరికే వస్తాను.

బీఈడీ చేసి ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకి కారు కొనుక్కోవాలనిపించింది. కొత్త కారు ఈఎంఐ లెక్క వేసి చూస్తే జీతంలో సగం దానికే పోయేలా ఉంది. పైగా చిన్నప్పటి నుంచీ నా దృష్టిలో కారంటే 800 ఒక్కటే. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు మొదటి కారు తాళాలను హర్‌పాల్ సింగ్ గారి చేతికి అందించారు. అక్కడి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా, 30 ఏళ్ల పాటు ఎన్నో మధ్యతరగతి ఇళ్లకి మొదటి కారు అదే. మీలో చాలామంది స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నదీ దాని మీదే అయి ఉంటుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర 1998 మోడల్ అమ్మకానికి ఉందని తెలిసింది. ఆటోనగర్‌లో మా నాన్నగారికి తెలిసిన మెకానిక్ ఉన్నారు. చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన్ని వెంటబెట్టుకుని పొద్దున్నే ఆరున్నరకి వెళ్లాను.

“పాత బండిని పొద్దున్నే చూడాలమ్మా. మధ్యాహ్నం వెళితే అప్పటికే ఒక రౌండు తిరిగి ఉంటుంది. చల్లగా ఉన్న ఇంజనే నిజం చెబుతుంది” అన్నారు బాబాయ్.

ఆ ఉదయం నేను నేర్చుకున్నవి మీకెవరికైనా పనికొస్తాయని చెబుతున్నాను. ముందు కాళ్ల కింది మ్యాట్లు ఎత్తి రేకు చూడాలి. 800కి తుప్పు పట్టేది ఎక్కువగా అక్కడే. తలుపుల అంచుల మీద చిన్న అయస్కాంతం పెట్టి చూడాలి. అది అంటుకోని చోట రేకు బదులు లప్పం ఉందని అర్థం. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడాలి. అది పాలు కలిపిన టీలా ఉంటే ఇంజన్‌లోకి నీళ్లు చేరాయన్నమాట. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్ల రంగు చూడాలి. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీని 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయిస్తుండాలి. అది జరిగిందో లేదో చూసుకోవాలి. ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు తీసుకుని, బండిని మన పేరు మీదకి మార్పించుకునేదాకా నిద్రపోకూడదు.

అన్నీ బాగానే ఉన్నాయి. రేడియేటర్‌లో నీళ్లు మాత్రం తుప్పు రంగులో ఉన్నాయి.

“మాస్టారు మామూలు నీళ్లే పోసినట్టున్నారు. రేడియేటర్ కడిగించి కూలంట్ పోయించాలి. అప్పుడే ఫ్యాన్ స్విచ్ కూడా చూద్దాం. నెలలోపు బండి తీసుకురా” అన్నారు బాబాయ్. అలాగేనన్నాను. 48 వేలకి బేరం కుదిరింది.

తర్వాతి మూడు నెలలూ నేను సీటు కవర్లు మార్పించాను. పాలిష్ పెట్టించాను. సౌండ్ సిస్టమ్ బిగించాను. రేడియేటర్ మాత్రం కడిగించలేదు. పైకి కనిపించదు కదా!

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. స్కూలుకి వచ్చేటప్పుడు కారుని మెయిన్ గేటు దగ్గర కాకుండా వెనక సందులో పెట్టేదాన్ని. మీ పెద్ద పెద్ద కార్ల మధ్య దాన్ని నిలబెట్టడానికి మనసొప్పేది కాదు. క్లాసులో పిల్లలకి నిజాయితీ మీద వ్యాసం రాయిస్తూ, కారుని సందులో దాచుకున్నాను.

ఒంటిపూట బడులు మొదలైన వారం అది. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇంటికి వెళుతున్నాను. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. అలాంటప్పుడు బండి పక్కకి తీసి, ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి చల్లారనివ్వాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ పక్కనే మన స్కూలు బస్సు ఉంది. దాని వెనక మీలో ఎవరిదో కారు ఉంది. బస్సు కిటికీలోంచి పిల్లలు “మేడమ్! మేడమ్!” అని చేతులూపుతున్నారు. వాళ్లందరి ముందు రోడ్డు మీద బానెట్ ఎత్తుకుని నిలబడటమా? నేనూ నవ్వుతూ చెయ్యి ఊపి, సిగ్నల్ పడగానే ముందుకి పోనిచ్చాను. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకున్నాను.

ఇంకో సందు తిరిగితే ఇల్లు వచ్చేస్తుందనగా బండి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగజిమ్మింది.

బాబాయ్ వచ్చి, చాలాసేపు చల్లారనిచ్చాకే మూత తీశారు. డిప్‌స్టిక్ తుడిచి నా చేతికిచ్చారు. ఆయిల్ అచ్చం పాలు కలిపిన టీలా ఉంది. అల్యూమినియం హెడ్ వేడికి వంగి గ్యాస్కెట్ పోయింది. హెడ్ ఫేసింగ్, కొత్త గ్యాస్కెట్, ఆయిల్, కూలంట్, మజూరీ కలిపి 9,600 అయింది. అసలు చెడిపోయింది రేడియేటర్ ఫ్యాన్‌ని తిప్పే చిన్న స్విచ్ ఒక్కటే.

“సిగ్నల్ దగ్గరే ఆపి ఉంటే స్విచ్ మార్చుకుంటే సరిపోయేది కదా టీచరమ్మా. ముల్లు చూడలేదా?” అని అడిగారు.

చూశాను బాబాయ్ అని చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాతి వారం ఒక క్లాసులో ఈ కథ ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక సందు సంగతి కూడా దాచలేదు. పిల్లలు పడీపడీ నవ్వారు. బెల్ కొట్టాక ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ పాపని అడిగే ఇది రాస్తున్నాను. తరగతి, సెక్షన్ మాత్రం చెప్పను.

“మేడమ్, నాకు రిపోర్టెడ్ స్పీచ్ అర్థం కాలేదు” అంది.

“ఎప్పటి నుంచి?”

“దసరా సెలవుల ముందు నుంచి.”

ఆరు నెలలు! ఆ పాప నోట్స్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది. ప్రతి పేజీ కింద ఎర్ర టిక్కు పెట్టి సంతకం చేసింది నేనే. “అర్థమైందా?” అని అడిగిన ప్రతిసారీ “ఎస్ మేడమ్” అని అందరితో పాటు అనేది. నేను సిగ్నల్ దగ్గర నవ్వుతూ చెయ్యి ఊపాను చూడండి, ఆ “ఎస్ మేడమ్” కూడా అలాంటిదే. పాప ఆగలేకపోయింది. నేను కూడా సీటు కవర్లు చూసి మురిసిపోయానే కానీ రేడియేటర్ మూత తీసి చూడలేదు.

ఇద్దరం వారం రోజులు లంచ్ టైములో పది నిమిషాల చొప్పున కూర్చున్నాం. అంతకుమించి అవసరం రాలేదు.

అందుకే మీకో మనవి. ఇంట్లో పిల్లలు “నాకు అర్థం కాలేదు” అంటే, దయచేసి ఫీజు సంగతి, పక్కింటి పిల్లల మార్కుల సంగతి ఆ నిమిషంలో ఎత్తకండి. ఎప్పటి నుంచి అర్థం కావట్లేదో అడిగి, డైరీలో నాకు ఒక్క ముక్క రాయండి. క్లాసులో నేనూ ఇప్పుడు “అర్థమైందా?” అని అడగడం మానేశాను. “ఎక్కడ ఆగిపోయారు?” అని అడుగుతున్నాను. మొదట్లో ఎవరూ చెయ్యెత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నారు.

కారు విషయానికొస్తే, ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగానే కూలంట్, ఆయిల్ చూస్తాను. పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి కొట్టిస్తాను. చలికాలం ఉదయాల్లో చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజన్ కుదురుకోగానే చోక్ లోపలికి నెట్టేస్తాను. నెలకోసారి మ్యాట్లు ఎత్తి ఎండలో ఆరబెడతాను.

ఇప్పుడు కారుని మెయిన్ గేటు దగ్గరే పెడుతున్నాను. ఎప్పుడైనా దారిలో తెల్ల 800 బానెట్ ఎత్తి, పక్కన నేను నిలబడి కనిపిస్తే కంగారుపడకండి. ముల్లు కొంచెం పైకి వెళ్లింది, అందుకే ఆగాను.