పదమునకును పొలిమేర యుండును

ఊరికి పొలిమేర యున్నట్లే పదమునకును పొలిమేర యుండును. దాని నెఱిఁగి మెలఁగుట ప్రోగ్రాములు వ్రాయువారికి ప్రథమ ధర్మము. పిల్లలు ఈ విద్య నభ్యసించుచుండఁగా మేమును ప్రక్కఁ గూర్చుండి నేర్చితిమి. సోదరీమణులకు నుపయోగించునని వ్రాయుచున్నాము.

పదములోని భాగములకు యంత్రము వరుసగా సంఖ్యల నిచ్చును. పెక్కు ప్రోగ్రామింగు భాషలలో నీ లెక్క సున్నతో మొదలగును. కావునఁ బన్నెండు భాగముల పదమునకు కడపటి సంఖ్య 11. 12 అని యడిగితిమా, పొలిమేర దాఁటితిమి. పైథాను, జావా భాషలు వెంటనే తప్పని తెలిపి పని నిలుపును. సీ భాష యట్లు వారింపదు. ఒక్కొక్కపుడు పొరుగింటి సొమ్మును మనదిగాఁ దెచ్చి యిచ్చును. ఇదియే యెక్కువ ప్రమాదము.

తెలుఁగువారికి మఱియొక చిక్కు కలదు. ఛందస్సు చదివిన మనము అక్షరములను లెక్కింతుము: ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, 10వ దానియందు యతి. యంత్రపు లెక్క వేఱు. మా ‘నేలకొండపల్లి’ నోటికి 6 అక్షరములు. ఒత్తులు, గుణింతములు విడివిడిగా నెంచు యూనికోడునకు 12 సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో దాఁచినచో 36 బైట్లు. ఒక లెక్కతోఁ గొలిచి వేఱొక లెక్కతోఁ దీసినచో హద్దు దప్పును.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను నక్షరపు సంకేతముల వరుస యొకటి వచ్చినంతనే ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాములు కుప్పకూలెను. వచ్చిన వరుసను జక్కఁగాఁ బరీక్షింపనందున మెమరీ చెడెను. యాపిల్ సంస్థ ఆ నెలలోనే 11.2.6 అను సవరణను వెలువరించెను.

బియ్యమెంతయో చూడక యెసరు పెట్టు గృహిణి లేదు గదా! అట్లే ముందుగాఁ బదము పొడవు నడుగవలెను. అడుగు సంఖ్య పొడవుకంటెఁ దక్కువగా నుండవలెను, సమానమైనను దప్పే. శూన్యపదమునకు మొదటి యక్షరమే లేదు. ఇది స్వల్పవిషయము గాదు. మా యెఱుకలో నొకామె యింటిపేరు గడి ఖాళీగా విడువఁగా, దాని మొదటి యక్షరమును దీయఁబోయి ప్రోగ్రాము నిలిచెను. ఆమె దరఖాస్తు రెండుమాఱులు తిరిగివచ్చెను. తప్పు ఆమెది గాదు, ఖాళీ గడి యుండవచ్చునని తలఁపనివారిది.

కావున మీ బిడ్డలు తమ ప్రోగ్రామును జూపినపుడు మెచ్చుకొనుటకు ముందు ఖాళీ పేరొకటి, ఒత్తులుగల తెలుఁగు పేరొకటి యిచ్చి చూడుఁడు. ఆ రెండింటికిని నిలిచినదే యందఱకును బనికివచ్చును.