పైకప్పుకీ ఆ కుర్రాడికీ ఒకటే వయసు

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఫ్రీస్‌లాండ్ వైపు వెళ్లే రైలు మొదటి గంటంతా ఒకప్పటి సముద్రం మీదే నడుస్తుంది. అల్మేరె, లేలిస్టాడ్... కిటికీలోంచి కనిపించే ఆ ఊళ్లు, పొలాలు, గాలిమరలు ఉన్నచోట వందేళ్ల కిందట నీళ్లే. కట్ట కట్టి, నీళ్లు తోడేసి, నేల తయారుచేసుకున్నారు. జ్వోల్లె దాటాక అసలు నేల మొదలవుతుంది. పచ్చిక, కాలవలు, మళ్లీ పచ్చిక. మధ్యలో నలుపూ తెలుపూ మచ్చల ఆవులు. మన పాడి రైతులు ‘హెచ్ఎఫ్ ఆవు’ అంటారే, ఆ ఎఫ్ ఈ ఫ్రీస్‌లాండే. గుంటూరులోనో చిత్తూరులోనో పాలిచ్చే ఆవు పేరులో సగం ఇక్కడిదని తెలిసినప్పుడు భలే సరదాగా అనిపించింది.

నేను దిగింది హేరెన్‌వేన్‌లో. ఊరేం పెద్దది కాదు. 1551లో పీట్ తవ్వకం కోసం వెలసింది. పీట్ అంటే బురదనేలలో చెట్టూ చేమా కుళ్లి తయారైన మట్టి, ఎండబెడితే పొయ్యిలోకి పనికొస్తుంది. దాన్ని పడవల మీద తరలించడానికి కాలవలు తవ్వారు. తవ్వేసిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. చలికాలం వచ్చేసరికి అవన్నీ గడ్డకట్టేవి. పక్క ఊరికి పోవాలంటే పడవ కదలదు, కాబట్టి కాళ్లకి ఇనుప పట్టీలు కట్టుకుని జారుకుంటూ పోవడమే. వీళ్లకి స్కేటింగ్ అలా రోడ్డూ బస్సూ లాగా వచ్చింది, ఆటగా మారింది తర్వాత.

ఇప్పుడు ఈ ఊరికి జనం వచ్చేది టియాల్ఫ్ కోసం. 400 మీటర్ల మంచు ట్రాకు ఉన్న స్టేడియం. స్కాండినేవియా పురాణాల్లో థోర్ దేవుడి దగ్గర పనిచేసే ఒక పరుగుల వీరుడి పేరట అది. 1967లో కట్టినప్పుడు పైకప్పు లేదు. వానా గాలీ ట్రాకు మీదే. 1986 నవంబరులో కప్పేశారు. కప్పున్న 400 మీటర్ల ట్రాకుల్లో ప్రపంచంలో ఇది రెండోది, మొదటిది అదే ఏడాది తూర్పు బెర్లిన్‌లో వచ్చింది.

అదే 1986లో, ఏప్రిల్ 23న, అదే ఊళ్లో స్వెన్ క్రామర్ పుట్టాడు. నాన్న యెప్ క్రామర్ అప్పటికే రెండు ఒలింపిక్స్ ఆడిన స్కేటర్. అంటే అబ్బాయికి ఏడు నెలలు నిండేసరికి ఊళ్లో ప్రపంచస్థాయి ట్రాకు మీదికి పైకప్పు వచ్చేసింది, ఇంట్లో ఒలింపియన్ ఉన్నాడు. సంగీత విద్వాంసుడి కొడుకు త్యాగరాజ ఉత్సవాలు జరిగే వీధిలో పుట్టినట్టు అనుకోండి. అదృష్టమే. కానీ అలాంటి పిల్లాడు పాడకపోతే వీధి వీధంతా అడుగుతుంది, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

నేను వెళ్లింది మామూలు జనానికి ట్రాకు వదిలే సమయంలో. లోపలికి అడుగుపెట్టగానే ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగాలి. ఐదారేళ్ల పిల్లలు హెల్మెట్ పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలు తోసుకుంటూ నేర్చుకుంటున్నారు. పడటం, లేవడం, మళ్లీ కుర్చీ పట్టుకోవడం. ఎవరూ ఏడవట్లేదు, ఏ తల్లీ పరిగెత్తట్లేదు. లోపలి లేన్లో మాత్రం పదిహేనేళ్ల కుర్రాళ్లు నడుం వంచి, చేతులు వెనక్కి కట్టుకుని సర్రుమని పోతున్నారు. వాళ్ల మడమ లేచిన ప్రతిసారీ టప్‌మని శబ్దం. అది ‘క్లాప్ స్కేట్’ది. బ్లేడు ముందువైపు మాత్రమే బూటుకి అతుక్కుని ఉంటుంది, మడమ విడిపోతుంది. దాంతో బ్లేడు మంచు మీద ఇంకాస్త ఎక్కువసేపు ఉండి, తోపు బలంగా పడుతుంది. దీని వెనక ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక యూనివర్సిటీలో చేసిన పరిశోధన ఉంది. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి అందరూ దీనికి మారిపోయారు. క్రామర్‌కి అప్పుడు పదకొండేళ్లు. పాత స్కేటు అలవాటు మానుకోవాల్సిన అవస్థ పెద్దగా పడని మొదటి తరం వాళ్లదే.

వాడి ఎదుగుదల చాలా వేగంగా జరిగింది. (‘వాడు’ అంటున్నానని ఏమీ అనుకోకండి, పంతొమ్మిదేళ్ల కుర్రాడి గురించే మాట్లాడుతున్నాం.) 2005లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. అదే ఏడాది నవంబరులో సాల్ట్ లేక్ సిటీలో 5000 మీటర్లు 6 నిమిషాల 8.78 సెకన్లలో, ప్రపంచ రికార్డు. మూడు నెలలకి టురిన్ ఒలింపిక్స్, 5000లో వెండి. ఇంతవరకూ బాగానే ఉంది.

తర్వాత టీమ్ పర్స్యూట్. ముగ్గురు కలిసి, ఒకరి వెనక ఒకరు, గాలిని వంతులవారీగా కోసుకుంటూ పోవాలి. మూడోవాడు గీత దాటిన టైమే జట్టు టైము. ఇటలీతో సెమీఫైనల్లో క్రామర్ స్కేటు లేన్లని విడదీసే చిన్న దిమ్మ మీద పడింది. తను పడ్డాడు, వెనకున్న కార్ల్ వెర్హైయన్‌నీ పడేశాడు. బంగారం ఆశ అక్కడితో సరి. చివరికి కంచు. క్రికెట్లో ఒక్కడు క్యాచ్ వదిలేస్తే మనవాళ్లు ఎన్నేళ్లు గుర్తుపెట్టుకుంటారో తెలుసు కదా. ఇక్కడ ఆ కుర్రాడు తన ఒక్కడి పతకం కాదు, తనకంటే పెద్దవాళ్లయిన ఇద్దరి బంగారాన్ని కూడా జారవిడిచాడు. ఆ ఇద్దరిలో రెండోవాడు ఎర్బెన్ వెన్నెమార్స్. ఆయన కొడుకు యూప్ 2025లో 1000 మీటర్ల ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఈ దేశంలో స్కేట్లు కూడా వారసత్వమే.

ఏడాది తిరిగింది. 2007 ఫిబ్రవరిలో ప్రపంచ ఆల్‌రౌండ్ పోటీలు టియాల్ఫ్‌లోనే. ఆల్‌రౌండ్ అంటే రెండు రోజుల్లో నాలుగు పరుగులు: 500, 5000, 1500, 10,000. లెక్క నాలాంటి కోడింగ్ వాళ్లకి తెగ నచ్చుతుంది. ప్రతి టైమునీ 500 మీటర్ల సగటుకి మార్చేస్తారు. 6 నిమిషాల 8.78 సెకన్లంటే 368.78, పదితో భాగిస్తే 36.878 పాయింట్లు. నాలుగూ కలిపి ఎవరికి తక్కువొస్తే వాడే విజేత. బుల్లెట్‌లా దూసుకుపోతే చాలదు, ఎద్దులా లాగడమూ రావాలి.

ఇరవై ఏళ్ల క్రామర్ గెలిచాడు. గెలవడం ఒక్కటే కాదు, చివరి 10,000ని 12 నిమిషాల 49.88 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు కూడా పట్టుకుపోయాడు. ఇదెందుకు పెద్ద విషయమంటే, రికార్డులు మామూలుగా కాల్గరీ, సాల్ట్ లేక్ లాంటి ఎత్తు ప్రదేశాల్లో పడతాయి. అక్కడ గాలి పల్చన. హేరెన్‌వేన్ దాదాపు సముద్రమట్టంలో ఉంది, గాలి చిక్కన. ఆ చిక్కటి గాలిలో 25 రౌండ్లు, ఒక్కో రౌండు సగటున 31 సెకన్ల లోపు. నారింజ రంగు కప్పుకున్న ఊరివాళ్ల మధ్య. నెల తిరక్కుండానే సాల్ట్ లేక్‌లో దాన్నీ 12 నిమిషాల 41.69కి దించేశాడు. ఆ తర్వాత ఆల్‌రౌండ్ ప్రపంచ టైటిళ్లు మొత్తం తొమ్మిది, ఒలింపిక్ బంగారాలు నాలుగు. వాంకూవర్‌లో కోచ్ తప్పు లేన్ చూపించడంతో 10,000 బంగారం పోయిన కథ ఇక్కడ అందరికీ నోటికొచ్చు. నాకైతే టురిన్ నుంచి టియాల్ఫ్ దాకా గడిచిన ఆ ఒక్క ఏడాదే ఎక్కువ ఆసక్తిగా ఉంది.

ఊళ్లో కాలవ పక్కన నడుస్తుంటే ఇంకోటి తట్టింది. ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు పట్టణాలని కలుపుతూ, కాలవల మీద దాదాపు 200 కిలోమీటర్లు ఒక్కరోజులో స్కేట్ చేసే పందెం ఉంది, ఎల్ఫ్‌స్టేడెన్‌టోఖ్ట్. దారి పొడవునా 15 సెంటీమీటర్ల మంచు ఉంటేనే జరుగుతుంది. 1909 నుంచి పదిహేనుసార్లే జరిగింది. 1986లో ఇప్పటి రాజు మారుపేరుతో పాల్గొన్నారు. ఆఖరుది 1997 జనవరిలో. హెంక్ ఆంగెనెంట్ అనే రైతు గెలిచాడు. అప్పటికి క్రామర్‌కి పదేళ్లు. నా వయసు వాళ్లెవరికీ ఆ పందెం చూసిన జ్ఞాపకం లేదు. మా ఆఫీసులో ఫ్రీస్‌లాండ్ కుర్రాడు ఒకతను ప్రతి డిసెంబరులోనూ వాతావరణం యాప్ చూస్తూ కూర్చుంటాడు, మనవాళ్లు రుతుపవనాల కోసం చూసినట్టు. నేను వెళ్లిన రోజు కాలవలో బాతులు ఈదుతున్నాయి. పల్చటి పొర కూడా లేదు. కుర్చీలు తోసుకుంటున్న ఆ పిల్లలకి మంచంటే యంత్రాలు గడ్డకట్టించినదే.

మీరెవరైనా వెళ్లాలనుకుంటే చలికాలంలో వెళ్లండి. స్కేట్లు అక్కడే అద్దెకిస్తారు. చేతికి తొడుగులు మాత్రం తీసుకెళ్లండి, పడ్డప్పుడు వెనకాల వచ్చేవాళ్ల బ్లేడు పదునుగా ఉంటుంది. పెద్ద పోటీ ఉన్న వారాంతమైతే టికెట్ ముందే చూసుకోవాలి, పన్నెండు వేల మందికి పైగా పట్టే చోటు కూడా నిండిపోతుంది. బయటికొచ్చాక బఠాణీ సూప్ తాగండి. గరిటె నిలబడేంత చిక్కగా ఉంటుంది, కాస్త మిరియాలపొడి చల్లుకుంటే మన నోటికి పర్వాలేదు.