చల్లారిన పకోడీ

మొన్న గురువారం మా ఆఫీసులో ఒకావిడ, పాపం మంచిదే, మధ్యాహ్నం తిండికని బయటికెళ్లి నాకోసం ఒక ప్యాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. "వానగా ఉంది కదా, వాన పడితే మీవాళ్లు ఇవే తింటారని ఏదో పత్రికలో చదివాను" అంది. ప్యాకెట్టు మీద 'ఆనియన్ భాజీ' అని రాసి ఉంది. లోపల నాలుగు గోధుమరంగు ఉండలు. ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసుకుని అట్లాగే, చల్లగానే కొరికి, బాగుందంది.

నేనూ ఒకటి తిన్నాను. థాంక్సు చెప్పాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నాకు పని సాగితే ఒట్టు.

ముందు పేరు సంగతి తేలాలి. ఉల్లిపాయ తరుగులో శనగపిండి కలిపి నూనెలో వేస్తే అది పకోడీ. మిరపకాయను పిండిలో ముంచి వేస్తే అది బజ్జీ. మా ఊరు పర్చూరు సెంటర్లో మూడో తరగతి పిల్లాణ్ని నిద్రలేపి అడిగినా చెబుతాడు. ఈ ఇంగ్లండులో పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, పకోడీని భాజీ అంటారు, బజ్జీని పకోరా అంటారు. రెండు పేర్లూ మన దగ్గర్నుంచే తీసుకెళ్లి, దారిలో ఎక్కడో మూటలు తారుమారు చేసుకున్నారు. ఇన్నేళ్లలో ఒక్కరికైనా అనుమానం రాలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో మొరపెట్టుకున్నాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "మరాఠీవాళ్లు కూడా ఉల్లిపాయ పకోడీని కాందా భజీ అనే అంటారు. ఇక్కడి ఇండియన్ హోటళ్లు చాలావరకు పెట్టింది సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీలు. వాళ్ల భాషలో భాజీ అంటే వేపుడు. వాళ్లు తప్పు రాయలేదు, నువ్వే గుంటూరు నిఘంటువు పట్టుకుని తిరుగుతున్నావు" అన్నారు. అయుండొచ్చు. ఆయన చెప్పేవి ఎప్పుడూ నిజాలే, అందుకే నాకు ఇంకా కోపమొస్తుంది. సరే, పేరు వాళ్లిష్టం. చల్లగా ఎందుకు తినాలి?

ఆ పత్రిక కూడా మర్నాడు ఆవిడే తెచ్చిచ్చింది. వానాకాలంలో మనసుకు హాయినిచ్చే భారతీయ వంటలట. పకోరా ఉంది, సమోసా ఉంది, వడాపావ్, కిచిడీ, మసాలా చాయ్ ఉన్నాయి. మొమోలు కూడా ఉన్నాయి. వానంటే బొంబాయిలోనూ కొండల్లోనూ తప్ప ఇంకెక్కడా పడదు కాబోలు. మొమోకున్న పాటి విలువ మిరపకాయ బజ్జీకి లేకుండా పోయింది. పల్నాడు నుంచి ఒంగోలు దాకా నల్లరేగడి మీద వాన పడితే అక్కడి జనం ఏం తింటారని ఒక్కరూ అడగలేదు.

నేను చెబుతాను. కానీ ముందు ఏ వాన అని అడగాలి.

నేనుండే మాంచెస్టర్లో ఏడాదికి ఎనిమిది వందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల లెక్కా దాదాపు అంతే. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. తేడా ఏమిటంటే, వీళ్లు ఆ వానని ఏడాదిలో 150 రోజులకు పంచుకుంటారు. రోజూ ఇంత, చెంచాతో పెట్టినట్టు. ఉరుము ఉండదు, మట్టివాసన రాదు, మబ్బు కమ్ముకొస్తుందని గేదెలు తోక ఎత్తి పరిగెత్తవు. మన భాషలో దీన్ని ముసురు అనాలి. కానీ ముసురంటే పట్టాలి, మూడు రోజులుండాలి, వదలాలి. వదలనిదాన్ని ముసురని ఎట్లా అంటాం?

వీళ్లని మెచ్చుకోవాల్సింది ఒకటుంది. వానకి వీళ్లు ఏ పనీ ఆపరు. గొడుగు కూడా చాలామంది వెయ్యరు. కోటు టోపీ లాక్కుని, పిల్లల బండి తోసుకుంటూ, బస్సు కోసం వరసలో నిలబడతారు, ఒక్క మాట అనరు. మొదటి ఏడాది ఆ నిబ్బరం చూసి నేను సిగ్గుపడ్డాను. రెండో ఏడాదికి అర్థమైంది, పని ఆగని వానకి బజ్జీ పుట్టదు. బజ్జీ పుట్టింది పని ఆగినందుకు.

మా నల్లరేగడి తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. శ్రావణంలో ఒక్క పూట గట్టిగా కురిస్తే చేలో అడుగు పెట్టలేం. చెప్పులు వదిలేసి దిగినా, పది అడుగులు వేసేసరికి ఒక్కో కాలికీ రెండేసి కిలోల మట్టి. కాలు ఎత్తితే చేను కూడా లేచొస్తుందా అనిపిస్తుంది. అరక కట్టడానికి లేదు, కలుపు తియ్యడానికి లేదు, మందు కొట్టడానికి లేదు. మళ్లీ పదునయ్యేదాకా మగవాళ్లందరూ అరుగుల మీదే. ఆ ఖాళీ చేతుల కోసం సెంటర్లో బజ్జీల బండి వెలిగేది.

ఆ బండి నేను దగ్గర్నుంచి చూసింది తక్కువే. ఆడపిల్లలు బండి దగ్గర నిలబడే రోజులు కావవి. నాన్న సైకిల్ మీద ముందు కూర్చుని ఒకటి రెండుసార్లు చూశాను. పైన ప్లాస్టిక్ పట్ట, కింద బుస్సుమనే పంపు స్టవ్వు, నల్లటి బాండీ. బజ్జీకి వాడేది మన సన్నం మిరపకాయ కాదు, లేత ఆకుపచ్చగా బొటనవేలంత లావుండే కాయ. నిలువునా చీల్చి, గింజ దులిపి, వామూ ఉప్పూ చింతపండూ నూరిన ముద్ద పూసి, తొడిమ పట్టుకుని పిండిలో ముంచి, బేసిను అంచుకి ఒక్కసారి గీరి నూనెలోకి వదిలేవాడు. ఆ గీరడంలోనే ఉంది విద్య. పిండి ఎక్కువైతే బోండా, తక్కువైతే వేపుడు. సగం వేగాక తీసి కుప్ప పోసేవాడు. మనిషి వచ్చి అడిగాక మళ్లీ రెండోసారి నూనెలో వేసేవాడు. అంటే అక్కడ బజ్జీ మనిషి కోసం కాచుకుని ఉండేదే గానీ, చల్లారిన బజ్జీని మనిషి చేతిలో పెట్టడమన్నది లేదు. తీశాక పొట్ట చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, కారం, నిమ్మకాయ పిండి పేపరు ముక్కలో పెట్టేవాడు. గుంటూరు మిరపకాయ వచ్చేది అక్కడ, ఆ చిటికెడు కారంలో.

నాన్న పొట్లాన్ని కండువాలో చుట్టి చొక్కాకింద పెట్టుకుని తెచ్చేవాడు. పొట్ట మీద ఎర్రగా కందేది. మనిషికి రెండు, మా తమ్ముడికి మూడు. ఎందుకు మూడని నేను ఇప్పటికీ వాడితో పోట్లాడుతుంటాను. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏడు నాన్న పొట్లం తేలేదు. అడగొద్దని మాకెవరూ చెప్పలేదు, మేమే అడగలేదు.

ఇంట్లో అయితే వంట నాయనమ్మది. వానాకాలానికని ఎండబెట్టిన పత్తికంప చూరుకింద కట్టలు కట్టి దాచేది. ఎంత దాచినా చెమ్మ పట్టేది, ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడేవి. మధ్యాహ్నం పొగలుగక్కే అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నంజుకోడానికి ఊరమిరపకాయలు. ఊరమిరపకాయలు వేగుతుంటే ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లం. ఇక్కడైతే ఫైరింజన్ వస్తుంది. సాయంత్రం బొబ్బర గారెలో బజ్జీలో. బజ్జీలు అయ్యాక బేసినులో అడుగున కాస్త పిండి మిగిలేది. దాన్లో ఒక ఉల్లిపాయ తరిగి కలిపి నాలుగు పకోడీలు వేసేది. అప్పటికి పొయ్యిలో మంట తగ్గిపోయేది, అవి సరిగ్గా వేగేవి కావు. అందరం తిని లేచాక, గిన్నెలు సర్ది, ఆ నాలుగూ తను తినేది. చల్లగా.

ఇది నాకు గురువారం గుర్తు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వచ్చింది. ఆఫీసులో ఆ ఉండ కొరికినప్పుడు లోపల పిండిగా తగిలిందేదో తెలిసిన రుచే అనిపించింది, అందుకే అంత చిరాకు పడ్డానేమో. పోనీండి.

మాంచెస్టర్ గురించి నిష్ఠూరంగా మాట్లాడేటప్పుడు నాకు ఒక ఇబ్బంది ఉంది. ఇది పత్తి మీద బతికిన ఊరు, మేమూ పత్తి మీద బతికినవాళ్లమే. ఈ చెమ్మగాలికి నూలు పోగు తెగకుండా సాగేదట, మిల్లులు ఇక్కడే వెలియడానికి అదీ ఒక కారణమంటారు. వీళ్ల వాన దూదికి మేలు చేసింది. మా వాన, అదును తప్పి కార్తీకంలో పడిందంటే, చెట్టు మీద పగిలిన దూదిని నల్లబరిచి పోతుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల పత్తికి విదేశీ వర్తకులు పెట్టిన పేరేమిటో తెలుసా? కొకనాడ. కాకినాడ రేవులో ఓడెక్కింది కదా, అందుకని. పండించిందెవరు, పేరెవరిది? అప్పట్నుంచీ ఇదే వరస, పత్తికైనా పకోడీకైనా. (మా ఊరి సంగతి చెబితే మా ఆయన నవ్వుతారు. నాన్న పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, నేను పుట్టేసరికి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. అది మనవాళ్లు పెట్టుకున్న పేర్లు, దాన్ని ఇందులో కలపకండి.)

ఆఫీసులో ఇంకొకాయన ఉన్నాడు, చదువుకున్నవాడు. మిరపకాయ అసలు మీది కాదు, అమెరికా ఖండాలది, పోర్చుగీసువాళ్లు తెచ్చారని చెబుతాడు. తెలుసు నాయనా. మిరియంలా మండే కాయ కాబట్టే మిరపకాయ అయింది. కొండవీటిలో ఉండి పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేశాడని చెప్పుకునే శ్రీనాథుడు జన్మలో మిరపకాయ కొరికి ఉండడు, బహుశా అందుకే అంత విసుక్కున్నాడు. అయితే నీ చిప్స్‌లో బంగాళాదుంప మాత్రం లంకషైరులో మొలిచిందా? అదీ అక్కణ్నుంచి వచ్చిందే.

చిప్స్ అన్నాను కాబట్టి ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. వచ్చిన కొత్తలో ఒక నవంబరు రాత్రి, బస్సు తప్పిపోయి, తడిసి ముద్దయి, మూలమీద చిప్స్ కొట్లో దూరాను. అద్దాలన్నీ ఆవిరి. లోపలంతా వేడినూనె వాసన. పెద్దాయన లావుపాటి చిప్స్ కాగితంలో కుమ్మరించి, ఉప్పు చల్లి, వెనిగరు గుమ్మరించి, గట్టిగా మడత పెట్టి చేతికిచ్చాడు. చేతులు కాలాయి. పక్కన ముగ్గురు మగవాళ్లు గోడకి ఆనుకుని వానకేసి చూస్తూ మాటల్లేకుండా తింటున్నారు. అచ్చం మా సెంటర్లో లాగే. వీళ్లకీ తెలుసన్నమాట, వానకి ఏం కావాలో. వెనిగరు పులుపు నిమ్మకాయ పని చేసింది. కారం మాత్రం ఏదీ? అంత నూనె పోసి, అంత దుంప తరిగి, చివర్లో ఒక్క చిటికెడు కారం చల్లడానికి చెయ్యి రాలేదు వీళ్లకి. సగం తిని, మిగతాది ఇంటికి తెచ్చుకుని, అమ్మ పంపిన కారం చల్లుకుని తిన్నాను.

ఇక్కడ బజ్జీ మిరపకాయ దొరకదు. రషోమ్ వైపు విల్మ్‌స్లో రోడ్డు మీద మనవాళ్ల కొట్లన్నీ తిరిగాను, సన్నటి పచ్చిమిరపకాయలే. చివరికి ఒక టర్కీవాళ్ల కొట్లో చార్లిస్టన్ అని లేత ఆకుపచ్చ కాయలు కనిపించాయి. దానికీ ఎవరిదో పేరు పెట్టారు, మనకెందుకు. కారం ఉండదు, కానీ తోలు పల్చన, చీలిస్తే ఒద్దికగా చీలుతుంది. వాము ముద్దలో రెండు పచ్చిమిరపకాయలు నూరి కలిపితే పని జరుగుతుంది.

ఆదివారం వాటితోనే వేశాను. గురువారం కడుపుమంట చల్లారాలి కదా. బయట ఎప్పటి వానే. పొగ గంట మోగకుండా కిటికీ బార్లా తీసి, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, ఒక వాయి తీసి, పొట్ట చీల్చి ఉల్లిపాయ పెట్టాను. నాన్న పొట్లంలోంచి వచ్చే వాసనే. రెండో వాయి నూనెలో ఉండగా అమ్మ వీడియో కాల్. ఇక్కడ మధ్యాహ్నం రెండు, అక్కడ రాత్రి ఏడున్నర.

"అల్పపీడనమంట. మూడు రోజుల్నుంచి ఒకటే ముసురు" అంది అమ్మ. "చేలో పత్తి పగిలుంది. మన పొలం కౌలుకి చేసే అబ్బాయి పొద్దున వచ్చి అరుగు మీద కూచున్నాడు. టీ ఇస్తే తాగలా."

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు కూడా ఇట్లాగే, అమ్మ మొహం సగం చీకట్లో, వెనకాల ధార చప్పుడు. ఆ వారం సెంటర్లో బండి వెలగలేదని తమ్ముడు చెప్పాడు.

"ఏందే ఆ చప్పుడు? నూనె పెట్టావా?"

"తాలింపమ్మా" అన్నాను. స్టవ్వు కట్టేశాను. పళ్లేన్ని ఫోనుకి అందకుండా పక్కకి జరిపాను.

అమ్మ ఇంకో ఇరవై నిమిషాలు వాన గురించే మాట్లాడింది. ఎవరి చేలో నీళ్లు నిలిచాయి, ఎవరు పరదాలు కప్పారు, ఎవరింటి గోడ నానింది. అన్నిటికీ ఊఁ కొట్టాను. పెట్టేశాక చూస్తే బజ్జీలు మెత్తబడి, చల్లారిపోయి ఉన్నాయి. మళ్లీ వేడి చెయ్యలేదు. కిటికీ మూసి, నిలబడే రెండు తిన్నాను.